క్వాఫ్యూర్ అంటే జుట్టా, టోపీనా? అచ్చయ్యాక మొదలైన తగువు

అనువాదిని_విశాఖ
ఫ్రెంచి రాజుల కాలం నాటి చిత్రపటాల మీద ఒక వ్యాసాన్ని మాసపత్రిక కోసం తెలుగు చేశాను. ఇంగ్లీషు మూలంలో క్వాఫ్యూర్ అనే మాట తొమ్మిది చోట్ల వచ్చింది. సందర్భం చూసుకుని కొప్పు, ముడి, జుట్టు సింగారం అని రాసి ఇచ్చాను. అచ్చులో చూస్తే తొమ్మిది చోట్లా "తలపాగా"! బొమ్మ కింద కూడా "రాణి తలపాగా మీద తెరచాపల ఓడ" అని వేశారు. ఫోన్ చేసి అడిగితే, నిఘంటువులో ఆ మాటకి శిరోవేష్టనం అనే అర్థం ముందు ఉంది కాబట్టి మార్చామన్నారు. అదే వ్యాసంలో క్రైస్తవ సన్యాసినులు తలకి కట్టుకునే కాయిఫ్ దగ్గర నేను "కుళ్ళాయి" అని రాస్తే దాన్ని "కొప్పు" చేశారు. జుట్టు ఉన్నచోట గుడ్డ పెట్టారు, గుడ్డ ఉన్నచోట జుట్టు పెట్టారు. రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు. నా పేరుతో వచ్చింది కదా.
ఒకే మాటకి ఈ రెండు అర్థాలూ ఎలా వచ్చాయి? తెలుగులో ఏం రాయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

పలక_బలపం
బొమ్మలో జుట్టు కనిపిస్తుంటే తలపాగా అని ఎలా వేశారండీ?

అనువాదిని_విశాఖ
బొమ్మ తపాలా బిళ్ళంత వేశారు. అందులో జుట్టేదో గుడ్డేదో ఎవరికీ తెలియదు.

పాతపుస్తకాల_అలమర
నిఘంటువు తప్పు కాదు. ఆ మాట పుట్టిందే టోపీలో.
చివరి కాలపు లాటిన్‌లో కోఫియా అంటే తలకి అంటిపెట్టుకుని ఉండే టోపీ, శిరస్త్రాణం. అది పాత ఫ్రెంచిలోకి వచ్చింది. సైనికులు ఇనప టోపీ కింద తల ఒరుసుకోకుండా పెట్టుకునే మెత్తటి టోపీకీ అదే పేరు. ఇనప రింగులతో అల్లిన ముసుగుని మ్యూజియంలలో ఇప్పటికీ మెయిల్ కాయిఫ్ అనే రాస్తారు. ఇంగ్లీషువాళ్ళు ఈ మాటని సుమారు 700 ఏళ్ళ కిందటే పట్టుకెళ్ళి కాయిఫ్ అని పలికారు.
ఈలోగా ఫ్రాన్సులో అర్థం పక్కకి జరిగింది. "తలకి టోపీ పెట్టు" అనే క్రియ మెల్లగా "తల సింగారించు" అయింది, ఆ తర్వాత "జుట్టు దువ్వి కట్టు" అయింది. దాన్నుంచి వచ్చింది క్వాఫ్యూర్. ఈ కొత్త మాటని ఇంగ్లీషు 17వ శతాబ్దంలో మళ్ళీ తెచ్చుకుంది. ఒకే ఇంటి నుంచి రెండుసార్లు సంబంధం చేసుకున్నట్టు. అక్కేమో టోపీ, చెల్లెలేమో జుట్టు. మీ పత్రికవాళ్ళు అక్కని చెల్లెలనుకున్నారు.

గడుసుపిల్ల
అక్కాచెల్లెళ్ళ ముక్క నోట్‌బుక్కులో రాసుకున్నా.

జెనీవా_గోదారి
నేను రోజూ చూసే మాట ఇది. మా వీధిలోనే మూడు బోర్డులున్నాయి. చాలామంది తెలుగువాళ్ళు తికమక పడేది ఒకటి చెప్తాను. క్వాఫ్యూర్ అంటే తల మీది అలంకారం. క్వాఫర్ అంటే ఆ పని చేసే మనిషి. ఫ్రెంచి రాతలో రెండింటికీ అవే అక్షరాలు, e ఒక్కటే చోటు మారుతుంది: coiffure, coiffeur. ఆడమనిషైతే క్వాఫజ్. అద్దం ఉన్న అలంకరణ బల్లని కూడా క్వాఫజ్ అంటారు. వచ్చిన కొత్తలో ఫర్నిచర్ షాపులో ఆ చీటీ చూసి ఇక్కడ జుట్టు కూడా కత్తిరిస్తారా అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వకుండా బల్ల సొరుగు తెరిచి చూపించింది.
స్విట్జర్లాండులో జర్మన్ మాట్లాడే జ్యూరిక్‌లో కూడా బోర్డు మీద క్వాఫర్ అనే ఉంటుంది. జర్మనీకి వెళ్తే ఫ్రిజోర్ అంటారు. అదీ ఫ్రెంచి నుంచి పోయిందే, జుట్టు ఉంగరాలు తిప్పడం అనే క్రియ నుంచి. ఫ్రాన్సులో మాత్రం ఆ పనివాణ్ణి ఆ పేరుతో ఎవరూ పిలవరు.

పలక_బలపం
ఇంగ్లీషులో ఎలా పలకాలి? మా మేనేజర్ కాయిఫ్యూర్ అంటాడు.

పాతపుస్తకాల_అలమర
జుట్టు అయితే క్వాఫ్యూర్, ఊత రెండో అక్షరం మీద. టోపీ అయితే కాయిఫ్. చక్కగా దువ్వి కట్టిన తల అని చెప్పేటప్పుడు క్వాఫ్డ్ అంటారు.

నల్లకోటు_గుంటూరు
కాయిఫ్ మా వృత్తిలో పెద్ద మాట. ఇంగ్లండులో సార్జెంట్ ఎట్ లా అని పెద్ద న్యాయవాదుల వర్గం ఒకటి ఉండేది. వాళ్ళకి గుర్తు తెల్లటి కాయిఫ్. రాజు ఎదుట కూడా దాన్ని తీయనక్కరలేని గౌరవం వాళ్ళది. తర్వాత విగ్గుల కాలం వచ్చింది. విగ్గు పెట్టుకుంటే కింద కాయిఫ్ కనపడదు. తీసేస్తే గౌరవం పోతుంది. అందుకని విగ్గు నడినెత్తిన గుండ్రంగా తెల్లగుడ్డ, దాని మీద చిన్న నల్లగుడ్డ కుట్టించుకున్నారు. టోపీ పోయి బిళ్ళ మిగిలింది. 1873లో కోర్టుల చట్టం మారాక ఆ వర్గంలోకి కొత్తవాళ్ళని తీసుకోవడం ఆగిపోయింది. అమెరికాలో లా చదివినవాళ్ళలో పైవరసలో వచ్చినవాళ్ళకి ఆర్డర్ ఆఫ్ ది కాయిఫ్ అని ఇప్పటికీ ఇస్తారు.
దీన్ని ఎవరైనా "కొప్పు పురస్కారం" అని తెలుగు చేస్తారేమోనని నాకు భయంగా ఉంది.

గడుసుపిల్ల
మా అన్నయ్యకి వచ్చింది అది! బట్టతల. మీ అనువాదం అస్సలు చూపించను.

పదకోశం_పిచ్చి
ఇంత చర్చ ఎందుకు? కేశాలంకరణ అనే మంచి మాట ఉంది. అన్నిచోట్లా అదే వేస్తే గొడవ వదిలిపోతుంది.

కృష్ణాతీరం
పదకోశం గారూ, మీ ఇంట్లో ఎవరైనా "కేశాలంకరణ చేసుకుని వస్తాను ఉండు" అంటారా? జడ వేసుకుంటారు, ముడి చుట్టుకుంటారు, కొప్పు పెట్టుకుంటారు, సిగ ముడుచుకుంటారు. మన దగ్గర ఒక్కోదానికీ ఒక్కో క్రియ ఉంది. అదంతా వదిలేసి ఒక్క సంస్కృతం మాట పెట్టి మూత వేయడం నాకు నచ్చదు.

పదకోశం_పిచ్చి
ముడికీ కొప్పుకీ తేడా నగరం పిల్లలకి తెలుసా? వ్యాసం అందరికీ అర్థం కావాలి కదా.

కృష్ణాతీరం
తెలియకపోతే తెలుస్తుంది. మా అమ్మమ్మ తలంటుకున్న రోజు జుట్టు చివర వేలితో మెలితిప్పి ముడి వేసేది, ఒక్క పిన్ను కూడా ఉండేది కాదు. పెళ్ళికి వెళ్ళేటప్పుడు మాత్రం సవరం చేర్చి కొప్పు పెట్టేది, చుట్టూ చామంతులు. అది చూసిన పిల్లకి ఈ రెండూ ఒకటే అని ఎవరూ చెప్పక్కరలేదు. ఇంకో సంగతి, ఇంటి పైకప్పు నడినెత్తిన ఉండేదాన్ని కూడా మనం కొప్పే అంటాం. తల మీద ఎత్తుగా నిలబడేదానికి కొప్పును మించిన మాట ఏముంది?

భామాకలాపం_కూచిపూడి
జుట్టూ శిరోభూషణమూ వేరు చేయలేని చోటు మా దగ్గర ఒకటుంది. సత్యభామ జడ. తెర పట్టుకుని నిలబడతారు, సత్యభామ కనపడదు, ముందు జడ వచ్చి తెర మీంచి పడుతుంది. ఆటలో నన్ను మించినవాళ్ళు ఉంటే రండి అని సవాలు అది. ఆ జడలో సొంత జుట్టు ఎంత, సవరం ఎంత, బిళ్ళలు ఎంత అని ఎవరు లెక్కపెడతారు? సంప్రదాయంగా ఆ వేషం మగవాళ్ళే కట్టేవారు, కాబట్టి జుట్టు మొత్తం కట్టుకున్నదే. అయినా దాన్ని జడ అనే అంటాం. చూసేవాళ్ళకి ఏం కనిపిస్తుందో అదే పేరు.

మధ్యవర్తి_మచిలీపట్నం
నేను ఆ పత్రిక సంపాదకుడి తరఫున ఒక మాట చెప్తాను, కోప్పడకండి. 18వ శతాబ్దం ఫ్యాషన్ బొమ్మల్లో క్వాఫ్యూర్ అని రాసిన చోట టోపీలూ, ఈకలూ, గాజుగుడ్డ అన్నీ కలిపే ఉంటాయి. ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ ఎత్తుగా కట్టించుకున్న పూఫ్‌నే తీసుకోండి. జుట్టు కట్టింది లియొనార్ అనే క్వాఫర్. దాని మీద గుడ్డలూ అలంకారాలూ అమర్చింది రోజ్ బెర్టాన్ అనే దుస్తుల వ్యాపారి. ఇద్దరి చేతి పని. దాన్ని జుట్టు అంటే సగం నిజం, శిరోభూషణం అన్నా సగం నిజమే. తలపాగా అనడం మాత్రం తప్పు, తలపాగా అంటే చుట్టేది.

అనువాదిని_విశాఖ
ఇది నాకు తట్టలేదండీ. నేను జుట్టు జుట్టు అని పట్టుబట్టాను. ఓడ దేని మీద నిలబడింది మరి? జుట్టు మీదా, గుడ్డ మీదా?

కత్తెర_రాజమండ్రి
ఇక్కడ నేను మాట్లాడాలి. మాది మూడు తరాల సెలూన్. ఇవాళ మంగళవారం సెలవు, తీరిగ్గా రాస్తున్నాను.
పెళ్ళికూతురికి ఎత్తు కొప్పు కట్టాలంటే ముందు కుదుళ్ళ దగ్గర జుట్టుని వెనక్కి దువ్వి చిక్కు చేస్తాం. అది మెత్తలాగా ఉబ్బుతుంది. చాలకపోతే లోపల డోనట్ అనే గుండ్రటి చుట్ట పెడతాం. పైన నున్నటి పొర కప్పి, యూ పిన్నులు ఎదురెదురుగా గుచ్చి, స్ప్రే కొడతాం. పిన్ను తిన్నగా గుచ్చితే జారిపోతుంది. మొదట వాలుగా పెట్టి, తలకి తగలగానే తిప్పి లోపలికి తోయాలి. ఈ తిప్పడం నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.
ఫ్రాన్సు పూఫ్ కూడా ఇదే లెక్క, కాకపోతే కొండంత. లోపల ఉన్నితోనో గుర్రపు వెంట్రుకలతోనో కుక్కిన మెత్త, తీగ చట్రం. దాని మీదకి సొంత జుట్టు, చాలనిచోట సవరం. నిలవడానికి కొవ్వుతో చేసిన పొమేడ్. పైన పిండి పొడి చల్లేవారు. పొడి కంట్లో పడకుండా మొహానికి కాగితం గొట్టం అడ్డం పెట్టుకునేవారు. ఓడ నిలబడింది ఆ చట్రం మీద. 1778 జూన్ 17న బెల్ పూల్ అనే ఫ్రెంచి యుద్ధనౌక ఇంగ్లీషు నౌకతో తలపడింది. ఆ సంబరానికే తల మీద ఓడ కట్టారు. అంతకు ముందు 1774లో రాజుకి మశూచి టీకా వేస్తే దానికీ ఒక పూఫ్ కట్టారు: ఆలివ్ చెట్టు, దానికి చుట్టుకున్న పాము, పక్కన ఉదయించే సూర్యుడు. వైద్యానికి గుర్తు పాము కదా.
కాబట్టి మేడమ్, మీరు కొప్పు అని రాయడమే సరైనది. మేమూ మెత్త పెట్టి కడతాం, పూలు పెడతాం, బిళ్ళ పెడతాం, దాన్ని కొప్పే అంటాం. ఇక్కడ కూచిపూడివాళ్ళు చెప్పిందీ అదే.

గడుసుపిల్ల
టీకాకి కొప్పా! కోవిడ్ టైంలో మనకి తట్టలేదు.

డాలస్_తెనాలి
పిండి పొడి మీద ఇంగ్లండులో పన్ను కూడా వేశారు. 1795లో, మనిషికి ఏడాదికి ఒక గినీ. జనం పొడి మానేశారు.

యానాం_కాలవగట్టు
ఫ్రెంచివాళ్ళు 1954 దాకా మా ఊళ్ళోనే ఉన్నారు. తాతగారు ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. నేను పరీక్ష రోజున నున్నగా తల దువ్వుకుని బయల్దేరితే "బ్యాన్ క్వాఫే" అని మెచ్చుకునేవారు. చక్కగా దువ్వావురా అని. అది తిట్టేమో అనుకుని చాలాకాలం ఉడుక్కున్నాను.
ఫ్రెంచి సామెతల్లో కూడా ఈ మాట ఉంది. అదృష్టవంతుణ్ణి "టోపీతో పుట్టాడు" అంటారు, నే క్వాఫే. ఉమ్మనీటి పొర తల మీద అంటుకుని పుట్టిన బిడ్డకి అదృష్టం అని వాళ్ళ నమ్మకం. పరుగు పందెంలో చివరి క్షణంలో వెనకవాడు దాటేస్తే "గెలుపు గుంజ దగ్గర టోపీ పెట్టాడు" అన్నట్టు ఇదే క్రియ వాడతారు. ఇంకా పాతికేళ్ళు వచ్చీ పెళ్ళికాని అమ్మాయి "సెయింట్ కేథరిన్ తల సింగారిస్తోంది" అంటారు. నవంబరు 25 ఆ సెయింట్ పండగ. పారిస్‌లో బట్టలు కుట్టే పెద్ద ఇళ్ళలో ఆ రోజు అలాంటి అమ్మాయిలకి ఆకుపచ్చ, పసుపు రంగుల్లో వింత టోపీలు పెట్టి సందడి చేస్తారు.

పలక_బలపం
టోపీ పెట్టడం మనకీ ఉందిగా! కుచ్చుటోపీ, శఠగోపం. తల మీద ఏం పెట్టినా మనకి మోసమే.

నల్లకోటు_గుంటూరు
"పదివేలు క్షవరం" కూడా చేర్చండి. నా క్లయింట్లు ఫీజు విన్నాక అనే మాట.

కత్తెర_రాజమండ్రి
సరదాగా అన్నారు, తెలుసు. కానీ ఒక మాట మనసులో ఉంది, చెప్తాను. క్షవరం అయింది, గుండు కొట్టించాడు అని మోసానికి మా పని పేరే వాడతారు. మా తాత పొద్దున కత్తి పట్టేవాడు, సాయంత్రం పెళ్ళిలో సన్నాయి పట్టేవాడు. ఆయన లేకుండా ఊళ్ళో శుభకార్యం జరిగేది కాదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు మాత్రం తక్కువ. ఇప్పుడు అదే పనికి ఫ్రెంచి మాట తగిలించి హెయిర్ డిజైనర్ అని బోర్డు పెడితే సార్ అంటున్నారు.
ఫ్రాన్సులో కూడా ఇది ఊరికే రాలేదు. 1760లలో పారిస్‌లో ఆడవాళ్ళ జుట్టు కట్టేవాళ్ళ మీద విగ్గులవాళ్ళ సంఘం కేసు వేసింది. మా లైసెన్సు లేకుండా మీరు తల ముట్టుకోకూడదని. అప్పుడు వీళ్ళు కోర్టులో, మాది గొరగడం కాదు, మాది కళ, చిత్రకారుడికీ శిల్పికీ ఉండే చెయ్యి మాదీ అని వాదించారు. ఆ రోజుల్లోనే లెగ్రో అనే ఆయన, మొదట వంటవాడు, బొమ్మలకి జుట్టు కట్టి సంతలో ప్రదర్శన పెట్టాడు. 1768లో ఆ కళ మీద పుస్తకం కూడా వేశాడు. క్వాఫర్ అనే మాటకి మర్యాద వాళ్ళు పోట్లాడి తెచ్చుకున్నారు.

నల్లకోటు_గుంటూరు
నా పోస్టులో మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా. ఇక మీద అనను.

కృష్ణాతీరం
కత్తెర గారూ, పిన్ను వాలుగా పెట్టి తిప్పమన్నారు కదా. ఇప్పుడే మా అమ్మాయికి చేసి చూశాను. నిలిచింది! ఇన్నేళ్ళూ పాతిక పిన్నులు గుచ్చేదాన్ని, ఇవాళ ఎనిమిదే.

కత్తెర_రాజమండ్రి
ఎనిమిది అంటే బాగా చేశారమ్మా. మా కుర్రాళ్ళకే పది పడతాయి.

బ్రిటనీ_లో_బెజవాడ
టోపీ అర్థం ఫ్రాన్సులో చచ్చిపోలేదని చెప్పడానికి రాస్తున్నాను. నేను ఉండేది పశ్చిమాన బ్రిటనీలో. ఇక్కడ పాతకాలం ఆడవాళ్ళు తల మీద పెట్టుకునే లేసు టోపీని క్వాఫ్ అనే అంటారు. ఊరు మారితే ఆకారం మారుతుంది. పోన్‌లాబే వైపు బిగూడెన్ ప్రాంతంలోది తెల్లటి లేసు గొట్టం, అడుగు పైనే ఎత్తు. సముద్రపు గాలికి అది నిలబడాలంటే గంజి పెట్టాలి. ఒక పండగలో మా పక్కింటి పెద్దావిడ పెట్టుకోవడం దగ్గరుండి చూశాను. ముందు జుట్టంతా వెనక నుంచి పైకి లాగి దువ్వెన మీదకి చుట్టింది. దాని మీద చిన్న నల్ల టోపీ. ఆ పైన లేసు గొట్టం, పిన్నులు. లోపల జుట్టు లేకపోతే లేసు నిలబడదు. మా నాయనమ్మ చీరలకి గంజి పెట్టే వాసనే వచ్చింది ఆ గదిలో. కాసేపు బెజవాడలో ఉన్నట్టే అనిపించింది.

డాలస్_తెనాలి
న్యూ ఆర్లీన్స్ వెళ్ళినప్పుడు విన్నది చెప్తాను. కొప్పుని ఫ్రెంచిలో షిన్యోన్ అంటారు, ఇంగ్లీషులోనూ అదే. దాని రూపాంతరమే టిన్యోన్. 1786లో అక్కడ స్పానిష్ గవర్నరుగా ఉన్న మీరో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఆఫ్రికన్ సంతతి ఆడవాళ్ళు జుట్టులో ఈకలూ నగలూ పెట్టుకుని తిరగకూడదు, తలకి గుడ్డ కట్టుకోవాలి అని. వాళ్ళ అలంకారం తెల్ల దొరసానులని మించిపోతోందని అక్కసు. వాళ్ళు ఏం చేశారంటే, అతి మంచి రంగుల గుడ్డలు తెచ్చి, ఎత్తుగా మడతలు పెట్టి కట్టారు. ఆ గుడ్డే ఫ్యాషన్ అయిపోయింది. కొప్పు మాట ఆ ఊళ్ళో తలగుడ్డకి పేరైంది. పాతపుస్తకాలవారు చెప్పినదానికి ఎదురు దారి.

పాతపుస్తకాల_అలమర
అవునండీ! అక్కడ టోపీ జుట్టయింది, ఇక్కడ జుట్టు గుడ్డయింది. ఇంకొకటి. షాపరోన్ అని పెళ్ళికాని పిల్లకి తోడుగా వెళ్ళే పెద్దావిడని అంటారే, ఆ మాటకి అసలు అర్థం తల మీద వేసుకునే ముసుగు. కర్చీఫ్ కూడా అంతే, "తల కప్పేది" అనే పాత ఫ్రెంచి మాట. హ్యాండ్‌కర్చీఫ్ అంటే "చేతి తలగుడ్డ" అన్నమాట.

పలక_బలపం
జేబులోది తీసి చూసుకున్నా. నా తలకి చాలదు.

తిరుపతి_మెట్లదారి
మన ఊరి ముచ్చట ఒకటి. కల్యాణకట్టలో మనం ఇచ్చే తలనీలాలని దేవస్థానం వేలం వేస్తుంది. పొడుగు జుట్టు విగ్గులకీ సవరాలకీ పరదేశాలు పోతుంది. 2004లో మన గుళ్ళలో ఇచ్చిన జుట్టుతో చేసిన విగ్గులు వాడకూడదని యూదు మతగురువు ఒకాయన తీర్పు చెప్తే, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో వీధుల్లో విగ్గులు తగలబెట్టారు. ఆ వార్త విన్న రోజు మా అమ్మ చాలా బాధపడింది. మొక్కు తీర్చుకుని ఇచ్చిన జుట్టు కదా.

మధ్యవర్తి_మచిలీపట్నం
అనువాదిని గారూ, సన్యాసినుల కాయిఫ్‌కి మీరు కుళ్ళాయి అని రాశారు. అది సరిపోతుందా? కుళ్ళాయి అంటే నాకు తిరుమల గుళ్ళో కృష్ణదేవరాయల విగ్రహం మీది పొడుగు టోపీ గుర్తొస్తుంది. శ్రీనాథుడు కన్నడ రాజు కొలువుకి వెళ్తూ పెట్టుకున్నానని చెప్పుకున్నదీ అదే. రాజదర్బారు టోపీ. సన్యాసిని తల మీద అది నాకు ఎబ్బెట్టుగా ఉంది.

అనువాదిని_విశాఖ
నిజమే. ఒప్పుకుంటున్నాను. చెవులు కప్పి గడ్డం కింద ముడి వేసే తెల్లగుడ్డ అది. చంటిపిల్లలకి కట్టే కుచ్చు లేని టోపీలాగా. ఏమంటాం దాన్ని?

కృష్ణాతీరం
తలగుడ్డ. చాలు. "తలకి అంటి కట్టిన తెల్లని తలగుడ్డ" అని మొదటిసారి రాయండి, తర్వాత తలగుడ్డ అంటే అర్థమైపోతుంది.

పదకోశం_పిచ్చి
నేను కూడా కేశాలంకరణ పట్టు విడుస్తున్నాను, ఒక్క చోట తప్ప. ఆ కళ మొత్తానికి ఒక పేరు కావాల్సిన చోట, లెగ్రో పుస్తకం లాంటి సందర్భంలో, కేశాలంకరణ ఉండాలి. అక్కడ కొప్పు చాలదు.

కత్తెర_రాజమండ్రి
అక్కడ నేనూ ఒప్పుకుంటాను. మా సర్టిఫికెట్ మీద కూడా అదే మాట ఉంది.

అనువాదిని_విశాఖ
ఇప్పుడే మళ్ళీ ఫోన్ చేశాను. ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. సంపాదకులు అరగంట ఓపిగ్గా విన్నారు. టీకా కొప్పు దగ్గర ఆగి మళ్ళీ చదవమన్నారు. వచ్చే నెల సంచికలో సవరణ వేస్తారట, బొమ్మ కూడా ఈసారి అర పేజీ. పంపబోయే ముక్క ఇది:
"గత సంచికలో 'తలపాగా' అని పడిన చోట్ల 'కొప్పు' అనీ, సన్యాసినుల 'కొప్పు' అని పడిన చోట 'తలగుడ్డ' అనీ చదువుకోవాలి. బొమ్మలోని ఓడ, రాణి కొప్పు లోపలి చట్రం మీద నిలిపినది."
చూసి చెప్పండి.

మధ్యవర్తి_మచిలీపట్నం
ఆ బొమ్మలో ఉన్నది రాణేనా? ఓడ కొప్పు బొమ్మలు చాలావరకు ఫ్యాషన్ పత్రాల్లో పేరు లేని దొరసానులవి. మూలం ఒకసారి చూసుకోండి, సవరణకి మళ్ళీ సవరణ పడకుండా.

అనువాదిని_విశాఖ
చూశాను. మూలంలో "ఒక దొరసాని" అనే ఉంది. రాణి అని కూడా అక్కడ చేర్చిందే. మంచిపని చేశారు, మారుస్తున్నాను.

గడుసుపిల్ల
చాలని కొప్పుకి సవరం, చాలని వ్యాసానికి సవరణ.

కత్తెర_రాజమండ్రి
సంచిక రాగానే ఆ అర పేజీ బొమ్మ ఇక్కడ పెట్టండి మేడమ్. షాపులో అద్దం పక్కన అంటిస్తాను.